బలం చాలక కాదు

మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిన కుర్రాళ్లు ముందు అడిగేది, "మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు సార్?" తొమ్మిది నెలలనగానే మొహం మాడ్చుకుంటారు. ఆ వెంటనే ఇంకోటి: "తొడలో నరం తీయడమెందుకు, ఆర్టిఫిషియల్‌ది వేసేయండి."

తప్పేం లేదు, సర్జన్లకే పుట్టిన ఆశ అది. 1970ల్లో కార్బన్ ఫైబర్ వేశారు. అది తునకలై కీలంతా నల్లటి నలుసులు మిగిల్చింది. తర్వాత గోర్‌టెక్స్ వచ్చింది, రెయిన్‌కోట్ల సరుకే. కుర్రవయసులో సొంత ఏసీఎల్ సుమారు 2,160 న్యూటన్ల లాగుడును తట్టుకుంటుంది. గోర్‌టెక్స్ తాడు రెట్టింపు పైగానే తట్టుకునేది. అమెరికాలో 1986లో అనుమతి దొరికింది, 1993 కల్లా అమ్మకం ఆగిపోయింది. అదేమీ ఒక్క లాగుకు తెగిపోలేదు. మోకాలు మడిచినప్పుడల్లా ఎముకకు వేసిన రంధ్రం అంచున ఒరుసుకుని పోగు పోగుగా అరిగింది. ఆ నలుసులకు కీలు లోపలి పొర వాచి నీరు పట్టేది. అరిగిన పోగును బాగుచేసుకోడానికి తాడులో కణం ఉంటేగా!

తెగిన ఏసీఎల్ స్థానంలో గ్రాఫ్టుగా వేయడానికి తొడ నుంచి తీసిన స్నాయువుకీ మొదట ప్రాణం ఉండదు. చూడ్డానికి మాత్రం ముత్యంలా మెరుస్తుంటుంది. అంటుకున్న కండను స్టీలు స్కేలు అంచుతో గీకేసి, కొసలు కుట్టి, నాలుగు మడతలు చేసి, రంధ్రాల దిమ్మెలోంచి లాగి చూస్తాం. ఏడులో ఇరుక్కుని ఎనిమిదిలో జారితే అది ఎనిమిది మిల్లీమీటర్ల గ్రాఫ్టు. వాంకోమైసిన్‌లో తడిపిన గాజుగుడ్డ చుట్టి పక్కన పెడతాం. (కుట్టిన దారం మాత్రం సింథటిక్కే.) లోపల బిగించాక రక్తనాళాలు మెల్లగా పాకుతాయి, కొత్త కణాలు చేరతాయి. మధ్యలో కొన్నాళ్లు అది ఇంకా బలహీనపడుతుంది కూడా. నొప్పి తగ్గింది కదాని కుర్రాళ్లు పరుగు మొదలెట్టేది సరిగ్గా అప్పుడే. తొమ్మిది నెలలు అడిగేది అందుకు.

ఈ ఆగలేనితనమే ఫ్రాన్స్‌లో పుట్టిన లార్స్ అనే పాలిస్టర్ లిగమెంట్‌కు గిరాకీ తెచ్చింది. 2008లో ఆస్ట్రేలియా ఫుట్‌బాలర్ నిక్ మల్సెస్కీ అది వేయించుకుని అదే సీజన్‌లో మైదానంలో దిగాడు. ఇంకేం, అందరూ అదే కావాలన్నారు. తెగిన లార్స్‌లు, వాచిన మోకాళ్లు బయటపడ్డాక అక్కడి సర్జన్లే వెనక్కి తగ్గారు.

సింథటిక్ వద్దే వద్దని నేననను. బైకు ప్రమాదంలో మూడు లిగమెంట్లు ఒకేసారి పోతే సొంత స్నాయువులు ఎన్నింటికని సరిపోతాయి? మామూలు ఏసీఎల్‌లోనూ గ్రాఫ్టు సన్నగా వస్తే పక్కన ఆసరాగా సింథటిక్ టేపు వేస్తాను. గ్రాఫ్టుకు బదులుగా మాత్రం వేయను, ఎంత బతిమాలినా.