ఏడు ఆటలు, ఒకే ప్రత్యర్థి

బాస్కెట్‌బాల్ ఆటగాడు రే అలెన్ చాలా ఏళ్లపాటు ఒక విచిత్రమైన సాధన చేశాడు. రిమ్ము ముందు, కోర్టు మీద వెల్లకిలా పడుకునేవాడు. ఒక్క ఉదుటున లేచి, చూపు రిమ్ము వైపే ఉంచి, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ మూలకు చేరేవాడు. అక్కడ బంతిని అందుకుని, అందుకున్నట్టే బాస్కెట్‌లోకి వేసేవాడు. కాళ్ల కిందికి మాత్రం చూడకూడదు, అదీ నియమం. కోర్టు మూలలో త్రీ పాయింట్ గీతకూ అంచు గీతకూ మధ్య ఉండే జాగా మూడడుగులే. పాదం ముందు గీతను తొక్కితే మూడు పాయింట్లు రెండైపోతాయి. వెనక గీతను తొక్కితే బంతే చేజారుతుంది.

2013 జూన్ 18 రాత్రి మయామిలో ఆ సాధన అక్కరకొచ్చింది. అది ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఆరో ఆట. శాన్ ఆంటోనియో స్పర్స్ అప్పటికే మూడు గెలిచింది, ఇంకొక్కటి గెలిస్తే కప్పు వాళ్లదే. చివరి నిమిషంలో స్పర్స్ ఆధిక్యం చూసి, బహుమతి వేడుక కోసం సిబ్బంది పసుపు తాళ్లు పట్టుకుని కోర్టు పక్కకు వచ్చేశారు. అలెన్ ఆడుతున్న మయామి హీట్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది. లెబ్రాన్ జేమ్స్ వేసిన బంతి రిమ్ముకు తగిలి బయటికొచ్చింది. క్రిస్ బాష్ ఎగిరి పట్టుకున్నాడు. ఆ సరికే అలెన్ వెనక్కి అడుగులేస్తూ కుడి మూలకు జరుగుతున్నాడు. బాష్ అందించాడు, అలెన్ వేశాడు. స్కోరు 95-95 అయింది, గడియారంలో 5.2 సెకన్లు మిగిలాయి. అదనపు సమయంలో హీట్ 103-100తో గెలిచింది. రెండు రోజుల తర్వాత ఏడో ఆట కూడా గెలిచి కప్పెత్తింది.

ఆ బంతిని చాలామంది అద్భుతం అన్నారు. నాకు మాత్రం అది నాలుగేళ్లు సాగిన ఒక కథకు మొదలు. 2013 నుంచి 2016 దాకా జరిగిన నాలుగు ఫైనల్స్ గొలుసులా ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. ఒక ఏడాది తగిలిన దెబ్బ మరుసటి ఏడాదికి పాఠమైంది. ఆ పాఠాన్ని ఇంకొకరు చదువుకుని మూడో ఏడు వాడుకున్నారు. ప్లేఆఫ్స్ అనే సంప్రదాయం ఎందుకు గొప్పదో చెప్పమంటే నేను ఆ గొలుసునే చూపిస్తాను. బాగా ఆడేవాళ్లు అన్ని జట్లలోనూ ఉంటారు. ఆడుతూ ఆడుతూనే నేర్చుకోగల జట్టు ఏదో తేల్చేది మాత్రం ఈ రెండు నెలలే.

ముందు ఏర్పాటు సంగతి. లీగ్‌లో 30 జట్లు ఉన్నాయి, తూర్పు విభాగంలో 15, పడమర విభాగంలో 15. మామూలు సీజన్‌లో ఒక్కో జట్టు 82 ఆటలు ఆడుతుంది. ఏప్రిల్ నడిమికి ఆ లెక్క ముగుస్తుంది. ప్రతి విభాగంలోనూ మొదటి ఆరు జట్లు నేరుగా ప్లేఆఫ్స్‌కు వెళతాయి. ఏడు నుంచి పది స్థానాల్లో ఉన్న జట్లు ప్లే-ఇన్ అనే చిన్న పోటీ ఆడాలి. ఐపీఎల్ చూసేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మన క్వాలిఫయర్, ఎలిమినేటర్ లెక్కే ఇది. ఏడు, ఎనిమిది స్థానాల జట్లలో గెలిచింది లోపలికి పోతుంది, ఓడిందానికి ఇంకో అవకాశం ఉంటుంది. తొమ్మిది, పది స్థానాల జట్లలో ఓడింది ఇంటికి పోతుంది. అక్కడ ఓడి మిగిలిందీ ఇక్కడ గెలిచి నిలిచిందీ తలపడితే చివరి చోటు ఎవరిదో తేలుతుంది. 2021 నుంచి ఈ రూపంలో నడుస్తోంది. 2023లో మయామి హీట్ ప్లే-ఇన్ మొదటి ఆట ఓడి, రెండోది గెలిచి, ఎనిమిదో జట్టుగా లోపలికొచ్చి ఏకంగా ఫైనల్స్ దాకా వెళ్లింది.

అలా మిగిలిన 16 జట్లు నాలుగు అంచెల్లో పోరాడతాయి. ప్రతి అంచెలోనూ ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లది సిరీస్. అంటే కప్పు కావాలంటే 16 విజయాలు. మెరుగైన స్థానంలో ఉన్న జట్టు ఊళ్లో మొదట రెండు ఆటలు, అవతలి ఊళ్లో రెండు, ఆ తర్వాత ఒక్కోచోట ఒక్కొక్కటి. 1985 నుంచి 2013 దాకా ఫైనల్స్‌కు మాత్రం రెండు, మూడు, రెండు పద్ధతి ఉండేది. 2014 నుంచి అదీ మారింది. ఏడో ఆట అంటూ వస్తే అది పైస్థానం జట్టు సొంతగడ్డ మీదే. 82 ఆటల కష్టానికి దక్కే కూలి అది.

ఒక్క ఆటతో తేల్చెయ్యక ఏడు ఎందుకు? క్రికెట్ ఎరిగిన తెలుగువాళ్లకు దీనికి జవాబు 2001లోనే దొరికింది. ముంబయి టెస్టులో ఓడి, కోల్‌కతాలో ఫాలో ఆన్ ఆడుతున్న మన జట్టు తొలి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో దిగిన లక్ష్మణ్‌ను మూడో స్థానంలో పంపింది. ద్రావిడ్ ఆరో స్థానానికి జరిగాడు. ఆ చిన్న మార్పులోంచి లక్ష్మణ్ 281 పరుగులు వచ్చాయి, ఆ టెస్టు, ఆ తర్వాత చెన్నైలో సిరీస్ కూడా మన చేతికొచ్చాయి. ముంబయిలో ఒక్క టెస్టుతో తేలిపోయుంటే హైదరాబాదీ మణికట్టు ఆ పని చేసేదే కాదు. నిలకడ మీద నిజం తెలుస్తుందంటారు. ప్లేఆఫ్స్ ఆ నిలకడను నియమంగా పెట్టుకున్న పోటీ.

మామూలు సీజన్‌లో ఇవాళ ఒక ఊరు, ఎల్లుండి ఇంకో ఊరు. ప్రత్యర్థిని లోతుగా చదివే తీరిక ఎవరికీ ఉండదు. ప్లేఆఫ్స్‌లో రెండు వారాలపాటు అదే మొహం, అవే ఎత్తులు. ఆటకూ ఆటకూ మధ్య ఒకటి రెండు రోజుల విరామం. ఆ విరామంలో కోచ్‌లు వీడియోలు ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తూ కూర్చుంటారు. తొమ్మిది పది మందితో నడిచిన జట్టు ఏడెనిమిది మందికి కుదించుకుపోతుంది. ముఖ్యమైన ఆటగాళ్లు 48 నిమిషాల్లో 40కి పైగా కోర్టులోనే ఉంటారు. 82 ఆటల్లో దాచుకోగలిగిన లోపం ఇక్కడ మూడో ఆటకల్లా బయటపడుతుంది.

ఈ చదువులో మొదటి అక్షరం పిక్ అండ్ రోల్. బంతి ఉన్న ఆటగాణ్ని ఒకడు కాస్తుంటాడు కదా, వాడి దారికి అడ్డంగా ఇంకో ఆటగాడు వచ్చి స్తంభంలా నిలబడతాడు. దాన్ని స్క్రీన్ అంటారు. అడ్డం వచ్చినవాణ్ని కాస్తున్నవాడూ వెంటే వస్తాడు కాబట్టి ఇప్పుడు కాసేవాళ్లిద్దరూ అరక్షణంలో తేల్చుకోవాలి. ఎవరి మనిషిని వాళ్లే పట్టుకోవాలా, మార్చుకోవాలా? మార్చుకోవడాన్ని స్విచ్ అంటారు. స్విచ్ చేస్తే దారి మూసుకుంటుంది, కానీ బలమైనవాడి ముందు బలహీనుడు నిలబడాల్సి వస్తుంది. ఎవరిని స్క్రీన్‌కు పిలవాలన్నది దాడిచేసే జట్టు ఇష్టం. కాబట్టి అవతలి ఐదుగురిలో కాపలా ఎవరికి తక్కువ వచ్చో గుర్తుపట్టి, అతను కాస్తున్న మనిషినే పదేపదే స్క్రీన్‌కు పిలుస్తారు.

ఇప్పుడు ఆ గొలుసు దగ్గరికొద్దాం. 2014లో మళ్లీ స్పర్స్, హీట్. రెండు ఆటలయ్యేసరికి చెరొకటి. మూడో ఆటకు స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ పొడవాటి స్ప్లిటర్‌ను పక్కన కూర్చోబెట్టి బోరిస్ డియాను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. డియా ఎత్తుకు ఎగిరేవాడు కాదు, వేగంగా ఉరికేవాడూ కాదు. చేతిలోకొచ్చిన బంతి మరుక్షణం ఎక్కడుండాలో మాత్రం అతనికి తెలుసు. ఆ రాత్రి సగం ఆట ముగిసేసరికి స్పర్స్ 71 పాయింట్లు చేసింది, వేసిన బంతుల్లో 75.8 శాతం బాస్కెట్‌లో పడ్డాయి. ఫైనల్స్‌లో ఒక సగానికి అది రికార్డు. ఆ మూడో ఆటా, తర్వాతి రెండూ గెలిచి సిరీస్‌ను 4-1తో ముగించారు. బంతి ఒకరి చేతిలో ఆగకుండా ఐదుగురి మధ్యా తిరిగిన ఆ తీరును నేను ఇప్పటికీ వెతుక్కుని చూస్తుంటాను. బాస్కెట్‌బాల్ అంతకన్నా అందంగా ఆడగా నేను చూడలేదు.

మయామి వదిలి తన సొంత రాష్ట్రానికి తిరిగొచ్చిన లెబ్రాన్ 2015లో క్లీవ్‌లాండ్ కావలియర్స్‌ను ఫైనల్స్‌కు తెచ్చాడు. తోటి ఆటగాళ్లు కెవిన్ లవ్, కైరీ ఇర్వింగ్ గాయాలతో తప్పుకున్నా, ఆటను నెమ్మదిగా నడిపించి గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద 2-1 ఆధిక్యం సాధించాడు. వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ దగ్గర నిక్ యురెన్ అనే 28 ఏళ్ల సహాయకుడున్నాడు. లెబ్రాన్‌ను ఆపిన దారేదైనా ఉందా అని అతను పాత వీడియోలు తిరగేస్తుంటే, కిందటేడు పోపోవిచ్ డియాను తెచ్చిన మార్పు కంటబడింది. ఏడడుగుల బోగట్‌ను తీసేసి ఆండ్రే ఇగ్వాడాలాతో ఆట మొదలుపెడదామని తెల్లవారుజామున మూడింటికి కెర్‌కు సందేశం పంపాడు. ఇగ్వాడాలా ఆ సీజన్‌లో ఒక్క ఆట కూడా మొదటి ఐదుగురిలో ఉండి మొదలుపెట్టలేదు. కెర్ ఆ మాట విన్నాడు. నాలుగో ఆట 103-82తో గెలిచి, ఆ తర్వాత రెండూ గెలిచి, వారియర్స్ 40 ఏళ్ల తర్వాత కప్పు తీసుకుంది. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఇగ్వాడాలాకే వచ్చింది. ఒక చిన్న ఉద్యోగి అర్ధరాత్రి ఆలోచనకు ఇంత చోటున్న పోటీలు ప్రపంచంలో ఎన్నున్నాయి?

మరుసటి ఏడు మళ్లీ అవే రెండు జట్లు. వారియర్స్ అప్పుడు 73 గెలిచి 9 మాత్రమే ఓడిన జట్టు, లీగ్ చరిత్రలో రికార్డు. ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం. వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ నిషేధం పడి ఐదో ఆటకు దూరమయ్యాడు, ఆ ఆటలో లెబ్రాన్, ఇర్వింగ్ చెరో 41 పాయింట్లు కొట్టారు. ఆరోది కూడా క్లీవ్‌లాండ్‌దే. ఏడో ఆట జూన్ 19న, మనకు సోమవారం తెల్లవారుజామున. కాఫీ గ్లాసు పక్కన పెట్టి మర్చిపోయిన పొద్దు అది.

చివర నాలుగున్నర నిమిషాలకు పైగా మిగిలుండగా స్కోరు 89-89 దగ్గర ఆగిపోయింది. ఎవరు వేసినా పడటం లేదు. అప్పటికే కాళ్లలో సత్తువ పోయింది, లెబ్రాన్ ఆ రాత్రి దాదాపు 47 నిమిషాలు ఆడాడు. నిమిషం 50 సెకన్లు ఉందనగా ఇగ్వాడాలా బంతితో రిమ్ము వైపు ఎగిరాడు. వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన లెబ్రాన్ ఆ బంతిని బ్యాక్‌బోర్డుకేసి అదిమాడు. కిందటేడు తనను కట్టడి చేసిన మనిషే ఆ ఇగ్వాడాలా. ఆ తర్వాత బంతి ఇర్వింగ్ చేతికొచ్చింది. అతణ్ని కాస్తున్నది క్లే థాంప్సన్, కాపలాలో దిట్ట. జె.ఆర్. స్మిత్ స్క్రీన్‌కు వచ్చాడు, ఎందుకంటే స్మిత్‌ను కాస్తున్నది స్టెఫెన్ కర్రీ. వారియర్స్ స్విచ్ చేసింది. సిరీస్ పొడుగునా క్లీవ్‌లాండ్ వెతుక్కుంటూ వచ్చిన జత అదే, ఇర్వింగ్ ముందు కర్రీ. ఇర్వింగ్ కుడివైపు జరిగి, ఒక్కడుగు వెనక్కి వేసి, బంతి వదిలాడు. 53 సెకన్లుండగా అది పడింది. ఆట 93-89తో ముగిసింది. ఫైనల్స్‌లో 3-1 నుంచి తేరుకుని గెలిచిన జట్టు అంతకుముందు ఒక్కటీ లేదు. క్లీవ్‌లాండ్ నగరానికి ఏ పెద్ద ఆటలోనైనా కప్పు రావడం 52 ఏళ్ల తర్వాత అదే.

లోపాలు లేవని అనను. 82 ఆటల మీద ఇంకో రెండు నెలలు శరీరాలను నలగ్గొట్టడం నన్ను బాధపెడుతుంది. 2019లో వారియర్స్ ఫైనల్స్ మధ్యలో కెవిన్ డ్యురాంట్‌నూ, క్లే థాంప్సన్‌నూ గాయాలకు పోగొట్టుకుంది. 2025 ఏడో ఆటలో ఇండియానా పేసర్స్ ఆశలన్నీ మోస్తున్న టైరీస్ హాలిబర్టన్ మొదటి పావు భాగంలోనే మడమ స్నాయువు తెగి కూలబడ్డాడు, ఓక్లహామా సిటీ థండర్ 103-91తో గెలిచింది. మామూలు సీజన్ కుదించాలన్న వాదన పాతదే, సరైనదే. కోత పెట్టాల్సింది అక్కడ, ఏడు ఆటల సిరీస్‌లో కాదు.

ఆ ఏడు ఆటల్లో చేతకానివాళ్లకు దొరికే దయ కూడా తక్కువే. 3-0తో వెనకబడి సిరీస్ గెలిచిన జట్టు 2025 దాకా ఒక్కటీ లేదు. ఏడో ఆట వరకు లాగినవే నాలుగు. 2023లో బాస్టన్ సెల్టిక్స్ ఆరో ఆటలో 0.1 సెకను ఉండగా డెరిక్ వైట్ తోసిన బంతితో బతికి, సొంత ఊళ్లో ఏడో ఆట ఓడింది.

డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉన్న మనవాళ్లకు ఇది ఊరి జట్టు పండగ. ఇక్కడున్నవాళ్లు ముఖ్యాంశాల వీడియో రెండు నిమిషాలు చూసి సరిపెట్టుకుంటారు, అందులో బంతి పడటం తప్ప ఏమీ కనబడదు. వచ్చే ఏప్రిల్‌లో ఒక్క సిరీస్ ఎంచుకుని మొదటి ఆట నుంచి చూడండి. స్క్రీన్‌కు ఎవరొస్తున్నారో, వాళ్లను కాస్తున్నది ఎవరో గమనించండి. మూడో ఆటకల్లా కోచ్ కన్నా ముందే మీరు మార్పు ఊహించడం మొదలుపెడతారు. చాలా ఆటలు మనకు పొద్దున ఐదున్నర, ఆరింటికి మొదలవుతాయి. అలారం పెట్టుకోండి.