కృష్ణానగర్ గదిలో లినక్స్

పైరసీ అంటే తెలుగు సినిమావాళ్లకు వచ్చినంత కోపం ఇంకెవరికీ రాదు. ఆ పని చూడ్డానికి ఫిలింనగర్‌లోని ఫిలిం ఛాంబర్‌కి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. మొదటి ఆట పడిన సాయంత్రానికల్లా దొంగ ప్రింటు బయటికొస్తే ప్రెస్‌మీట్లు పెడతాం, నిర్మాత నోటికాడి కూడు లాక్కున్నారని తిట్టిపోస్తాం. న్యాయమే. ఆ సినిమా కథ ఏ కంప్యూటర్లో టైపయిందో మాత్రం ఎవరూ అడగరు. కృష్ణానగర్‌లోనో ఇందిరానగర్‌లోనో అసిస్టెంట్ డైరెక్టర్లూ ఘోస్టు రచయితలూ సర్దుకుని ఉండే గదులకు వెళ్లి లాప్‌టాప్ మూత తీయించండి. విండోస్ ఎవరిచేతో వేయించింది. వర్డ్ ఎవరి దగ్గరో ఎక్కించుకున్నది. తెలుగు ఫాంట్లు మిత్రుడి పెన్‌డ్రైవ్ నుంచి దిగినవి. ఒక్కదానికీ బిల్లుండదు.

ఎత్తిపొడవడానికి అనడం లేదు. అడ్వాన్సు మొహం చూడని కుర్రవాడు గది అద్దె కట్టాలా, సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనాలా? అద్దే కడతాడు. నేనైనా అదే చేయమంటాను. కాకపోతే దొంగతనం చేయకుండా, డబ్బూ పెట్టకుండా పని జరుపుకునే దారి ఒకటుంది. విండోస్ బదులు ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్, దాని పేరు లినక్స్. ఆ దారిన వెళ్లి చూశాను కాబట్టి ఈ వారం ఆ సంగతే.

నేను మారింది ఆదర్శాల కోసమేమీ కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. నా లాప్‌టాప్ ఆ జాబితాకి ఒకింత ముందు పుట్టింది. కీబోర్డు బాగుంది, స్క్రీను బాగుంది, డైలాగులు రాసుకోవడానికి అంతకంటే ఏం కావాలి? బాగున్న వస్తువుని పారేయమనే హక్కు ఎవరికీ లేదనిపించింది. లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి దించి, ముందు దానిమీదే నడిపి చూశాను. హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా ఇలా చూసుకునే వీలుండటం పిరికివాళ్లకు పెద్ద వరం. వైఫై, ప్రింటరు, స్పీకర్లు అన్నీ పలికాయి. తర్వాతే లోపలికి ఎక్కించాను. ఆ భాగం గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. అంత తేలికగా అయిపోయింది.

ఒక తమాషా ఏమిటంటే, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీదుగా కేబుల్ బ్రిడ్జి దాటి కాస్త ముందుకెళితే గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్ వాళ్ల క్యాంపస్. 1998లో హైదరాబాద్‌లో మొదలైన వాళ్ల డెవలప్‌మెంట్ సెంటర్ ఇది. కంప్యూటర్ తెలుగులో మాట్లాడాలని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ సంస్థవాళ్లు పనిచేసేదీ ఆ గచ్చిబౌలిలోనే. సినిమావాళ్లం ఈ ఒడ్డున కూచుని అవతలి ఒడ్డున ఒకరినే చూశాం.

నిజానికి చూడకపోయినా లినక్స్ మన మధ్యే తిరుగుతోంది. మొన్న ఒక సినిమాకి డీఐ, అంటే రంగులు సరిదిద్దే పని, జరుగుతుంటే వెళ్లాను. కలరిస్టు ముందున్న తెర ఎక్కడా విండోస్‌లా లేదు. అడిగితే, “లినక్స్ సార్. ఎప్పట్నుంచో ఇదే” అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు. కలర్ గ్రేడింగ్‌కి వాడే బేస్‌లైట్ నడిచేది ప్రధానంగా లినక్స్ మీదే. గ్రాఫిక్స్‌వాళ్ల ఫ్లేమ్ ఒకప్పుడు సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ల ఖరీదైన యంత్రాల మీద నడిచి, తర్వాత లినక్స్‌కి మారింది. ఇవి రెండూ కమర్షియల్ సాఫ్ట్‌వేర్లే, బాగా ఖరీదైనవి కూడా. కానీ కింద ఉన్న నేల మాత్రం ఎవరి సొత్తూ కాదు.

హాలీవుడ్‌లో ఈ మార్పు పాతికేళ్ల కిందటి ముచ్చట. 1997లో వచ్చిన ‘టైటానిక్’ గ్రాఫిక్స్ ఫ్రేములు తయారుచేయడానికి డిజిటల్ డొమైన్ సంస్థ వందకు పైగా కంప్యూటర్లను లినక్స్ మీద నడిపింది. ‘లైఫ్ ఆఫ్ పై’లోని పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఆ సినిమాకి మనవాళ్లు ఎందరో పనిచేశారు. వాళ్లు వాడింది లినక్సే. 2013లో ఆ సంస్థ దివాలా తీసినా అక్కడ చేయి తిరిగిన కుర్రాళ్లు ఇతర గ్రాఫిక్స్ కంపెనీలకు వెళ్లారు. 2018లో ఆస్కార్ అకాడమీ, లినక్స్ ఫౌండేషన్ కలిసి సినిమా కోసం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని చూసుకోవడానికి ఒక సంస్థనే పెట్టాయి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న లాట్వియా సినిమా ‘ఫ్లో’ తయారైంది బ్లెండర్‌లో. ఎవరైనా ఉచితంగా దించుకోగల సాఫ్ట్‌వేర్ అది. 2002లో దాని సోర్స్ కోడ్‌ని కొని జనానికి వదిలేయడానికి అభిమానులే చందాలేసుకుని లక్ష యూరోలు పోగుచేశారు.

కోట్లు పెట్టగలవాళ్లు హాయిగా లినక్స్ వాడుకుంటుంటే, కృష్ణానగర్‌లో అద్దె బాకీ ఉన్నవాడు క్రాక్ చేసిన విండోస్‌ని ఎందుకు పట్టుకు వేలాడుతున్నాడు? అలవాటు అంటారు. కొంత నిజమే. అసలు కారణం మాత్రం అను ఫాంట్లు.

మన బౌండు స్క్రిప్టులు తయారయ్యే పద్ధతి ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. రచయిత చేత్తో రాస్తాడు, లేదా చెబుతుంటే అసిస్టెంటు రాసుకుంటాడు. అది డీటీపీకి వెళుతుంది. ఆపరేటరు పేజ్‌మేకర్ తెరిచి అనులో కొడతాడు. అడోబీ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. 2004లో దాని అభివృద్ధి ఆపేశారు. తెలుగు డీటీపీ సెంటర్లు ఆ కబురు ఇంకా నమ్మలేదు. అనులో ఉన్నది మనం అనుకునే తెలుగు కాదు. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూను. వాటి బొమ్మల స్థానంలో తలకట్టొక ముక్క, కొమ్మొక ముక్క, వత్తొక ముక్కగా తెలుగు ఆకారాలు కూర్చారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ చూడముచ్చటగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. ఫాంటు తీసేస్తే మిగిలేది గజిబిజి. అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు 1991లోనే చోటు దొరికింది. లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో చదువుకుంటూ లినక్స్ మొదలుపెట్టిన సంవత్సరమూ అదే. ఇన్నేళ్లయినా మన స్క్రిప్టులు ఆ చోటికి చేరలేదు.

విండోస్ వదిలి వచ్చాక ఇది తెలిసొచ్చింది. ఇల్లు మారాను గానీ బీరువా తాళంచెవి పాత ఇంట్లోనే ఉండిపోయింది. అను ఫైళ్లు వందల పేజీలున్నాయి. సంవత్సరాల కిందటి ఒక డైలాగ్ వెర్షన్ కోసం దాన్ని కొట్టిన డీటీపీ సెంటర్‌కి ఫోన్ చేస్తే, “ఫైలుంది సార్, తెరిస్తే మాత్రం అంతా ఏబీసీడీల కిచిడీ వస్తోంది. ఆ వెర్షన్ ఫాంటు ఇప్పుడు మా దగ్గర లేదు” అన్నాడు. నేను రాసిన సీన్లు, నా ఫైలు, నాకే అర్థం కాదు! దీనికి విండోస్‌ని తిట్టి లాభం లేదు. విండోస్‌లోనే ఉండిపోయినా ఏదో ఒకరోజు వచ్చే తిప్పలే.

అనులోని తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతాయి. పేజ్‌మేకర్ నుంచి టెక్స్టుని బయటికి తీసి అందులో వేస్తే చాలావరకు సరిగ్గానే వస్తుంది. చాలావరకు అన్నాను. వత్తులు అక్కడక్కడ పక్క అక్షరానికి అతుక్కుంటాయి. మధ్యలో ఇంగ్లీషు మాట ఉంటే అది కూడా తెలుగనుకుని మార్చి పారేస్తుంది. మన డైలాగుల్లో ఇంగ్లీషు లేని లైను ఎక్కడుంది? అందుకని సీను సీనూ కూచుని చదవాల్సిందే. పాత సీన్లు ఇలా వరసగా చదవడం ఏ రచయితకైనా మంచిదేనని నా అభిప్రాయం, పొగరు కొంచెం దిగుతుంది.

టైపింగ్ గురించి చాలామంది భయపడతారు, అను స్క్రిప్ట్ మేనేజర్ లేకపోతే వేళ్లు ఆడవేమోనని. లినక్స్‌లో టైపింగ్‌కి ఐబస్ అనే పనిముట్టు ఒకటుంది. దానికి ఎం17ఎన్ తోడు చేస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ వగైరా పద్ధతులన్నీ వస్తాయి. అనులో యాపిల్ లేఔట్ నేర్చినవాళ్లు అదే ఎంచుకోవచ్చు. మొదట్లో కొన్ని కీల దగ్గర చేయి తడబడింది, తర్వాత మరిచిపోయాను. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్ ఒంటబడుతుంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి అది. ఫాంట్ల విషయంలోనూ ప్రవాసుల రుణం ఉంది. కెనడాలో ఉండే తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసిచ్చారు. సిలికానాంధ్ర పూనికతో మరికొన్ని ఫాంట్లు అందరికీ అందాయి. అందులో ఎన్టీఆర్ పేరు పెట్టిన ఫాంటు కూడా ఉంది. ఎన్టీఆర్ అక్షరాలతో స్క్రిప్టు ప్రింటు తీస్తే కాదనే నిర్మాత ఫిలింనగర్‌లో ఉంటాడా?

స్క్రీన్‌ప్లే రాయడానికి హాలీవుడ్‌వాళ్ల ఫైనల్ డ్రాఫ్ట్ లినక్స్‌కి రాదు. దాని బదులు ఫౌంటెన్ అనే పద్ధతి ఉంది. ‘బిగ్ ఫిష్’ రచయిత జాన్ ఆగస్ట్ మరికొందరితో కలిసి 2012లో తెచ్చిన పద్ధతి. నోట్‌ప్యాడ్ లాంటి ఏ ఎడిటర్‌లోనైనా రాసుకోవచ్చు. అందులో పాత్ర పేరుని గుర్తుపట్టేది ఇంగ్లీషు పెద్దక్షరాలతో. తెలుగులో పెద్దబడి చిన్నబడి లేవు కదా! అందుకు పేరు ముందు ఈమెయిల్ అడ్రసుల్లో వాడే ‘ఎట్’ గుర్తు పెడితే అది పాత్ర అని తెలుసుకుంటుంది. లైను మొదట చుక్క పెడితే సీన్ హెడ్డింగ్ అవుతుంది. ‘సీన్ 14, హాలు, రాత్రి’ అని నిక్షేపంలా తెలుగులోనే రాస్తున్నాను. ఎడమ పక్క యాక్షన్, కుడి పక్క డైలాగ్ ఉండే మన పాత పద్ధతి మాత్రం అందులో రాదు. సెట్‌లో ఆర్టిస్టుల చేతికిచ్చే సీన్ పేపర్లు లిబ్రే ఆఫీస్‌లో రెండు గళ్ల టేబుల్ వేసి తీస్తున్నాను. కో-డైరెక్టర్‌కి తేడా తెలియలేదు. అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇంత చెప్పాక, అందరూ మారిపోండి అనను. డబ్బింగ్, రీరికార్డింగ్ థియేటర్లు నడిచేది ప్రో టూల్స్ మీద. అది లినక్స్‌కి రాదు. ఎడిటర్ల ఆవిడ్ రాదు. పోస్టర్ డిజైనర్‌ని ఫోటోషాప్ మానేసి గింప్ వాడమంటే కాఫీ కూడా ఇవ్వకుండా పంపిస్తాడు, తప్పు అతనిది కాదు. ఎడిటింగ్‌కి వాడే డావిన్సీ రిజాల్వ్ లినక్స్‌లో వస్తుంది గానీ, ఉచిత వెర్షన్ అక్కడ మామూలు హెచ్264 వీడియోలు తెరవదు. షార్ట్ ఫిలిం తీసే కుర్రాళ్లు ఇది తెలుసుకుని దిగాలి. ఈ మార్పు ప్రధానంగా రాసేవాళ్లకి, సబ్‌టైటిల్స్ చేసేవాళ్లకి, గ్రాఫిక్స్ నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది. వాళ్ల దగ్గరే డబ్బు తక్కువ కూడా.

తెలుగు సినీ రచయితల సంఘానికి ఒక విన్నపం. కథలు రిజిస్టర్ చేసుకోవడానికి మీ దగ్గరికి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. ఆఫీసులో ఒక మూల ఒక పాత కంప్యూటర్, అందులో లినక్స్, ఒక కన్వర్టర్, వారానికొకసారి ఓపిగ్గా నేర్పే మనిషి ఒకరు. ఇంతకు మించి ఖర్చు లేదు. పెద్ద రచయితలూ, పోయినవాళ్ల కుటుంబాలూ దాచుకున్న అను ఫైళ్లని ముందు యూనికోడ్‌లోకి మార్చించండి. ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ఆ తర్వాత చూద్దాం.