ఎక్కిన గేర్లోనే దిగాలి

కొండ ఎక్కించడం ఇంజిన్ పని, దింపడం డ్రైవర్ పని. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ పక్కనున్న పైక్స్ పీక్ మీదికి కారు నడిపాక ఈ మాట మీద నమ్మకం ఇంకా పెరిగింది. దారి 19 మైళ్లు, శిఖరం ఎత్తు 14,115 అడుగులు. స్పెన్సర్ పెన్రోజ్ అనే సంపన్నుడు వేయించిన రోడ్డు. 1916లో దాని మీద కార్ల పందేలు మొదలుపెట్టించిందీ ఆయనే. ఇప్పుడు టోల్ వసూలు చేసేది ఆ నగరమే.

ఎక్కేటప్పుడు ఓపిక ఉంటే చాలు. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడి, యాక్సిలరేటర్ తొక్కినా బండి బద్ధకిస్తుంది. చెట్లు అయిపోయి రాళ్లే మిగులుతాయి. పైన వేడి డోనట్లు తిని, నాలుగు ఫొటోలు దిగి తిరుగుముఖం పట్టాక అసలు పరీక్ష.

దిగేదారిలో గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు కార్లు ఆపుతారు. ముందు చక్రం వైపు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి బ్రేకు వేడి చూస్తారు. మా ముందు కారు నుంచి మాడువాసన కొడుతోంది. దాన్ని పక్కకు పెట్టించి, చల్లారేదాకా కదలొద్దన్నారు. మా అంకె చూసి పొమ్మని చెయ్యూపారు.

పెడల్ మీద కాలు తీయకుండా దిగితే బండి జోరంతా వేడిగా మారి డిస్కుల్లో చేరుతుంది. ప్యాడ్లు పట్టు వదులుతాయి. బ్రేక్ ఆయిల్ మరిగిందా, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. మన ఘాట్ డ్రైవర్లు చెప్పే మందు ఒక్కటే: ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. చిన్న గేర్లో బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్‌లోనూ చిన్న గేరుకి దించే వీలుంటుంది. మలుపుకి ముందు బ్రేకు గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేయాలి. డిస్కు చల్లారేది ఆ వదిలిన కాసేపట్లోనే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో దించడం ప్రాణాలతో చెలగాటం.

తిరుమలలో ఈ కాపలా గడియారానిది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 అని నియమం. ముందే కిందికి చేరితే జరిమానా.

అక్కడ థర్మామీటర్, ఇక్కడ గడియారం. రెండూ మనం దిగిన తీరుని తర్వాత పట్టుకునేవే. గేరు మార్చాల్సింది మాత్రం కొండ మీద, మొదటి వాలుకి ముందే. బండి జోరందుకున్నాక గుర్తొస్తే అప్పటికే కాలు బ్రేకు మీద ఉంటుంది.