వేలు ఎత్తాక

ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఏ పథకం జాబితా తెరిచినా ఆత్రం, కుమ్ర, మడావి, సిడాం ఇంటిపేర్లే బారులు తీరి ఉంటాయి. అందులో భీంరావులు ఎందరో, జంగులు ఎందరో. తండ్రి పేరు చూస్తే తప్ప మనిషి తేలడు. అలాంటి జాబితాను ఫోన్‌లో ఒక్క తోపు తోస్తే మన ఊరు, మన ఇల్లు, మన పేరు అన్నీ దాటేసి ఎక్కడో తేలుతుంది.

ఈ పరుగు ఎవరో కూర్చుని లెక్క కట్టి పెట్టిందే. తొక్కడం మానేశాక కూడా సైకిల్ కొంతదూరం పోయినట్టు, వేలు ఎత్తాక కూడా తెర మీది వరస సాగాలని ప్రోగ్రామర్లు రాశారు. ఎత్తేముందు చివరి క్షణంలో వేలు ఎంత జోరుగా కదిలిందో ఫోన్ చూసుకుంటుంది. ఆ వేగాన్నే వరసకు ఇచ్చి, ఆపైన కొంచెం కొంచెంగా కోస్తూ పోతుంది. ఐఫోన్‌లో మామూలుగా ప్రతి మిల్లీసెకనుకూ వేగాన్ని 0.998తో గుణిస్తారు. వినడానికి అదో కోతలాగే అనిపించదు గానీ, సెకను గడిచేసరికి మొదటి వేగంలో ఏడో వంతు కూడా మిగలదు.

తాము మొదట చేయాలనుకున్నది టాబ్లెట్ అని, దాని మీద వరస ఇలా జారడం చూశాకే ఫోన్ చేయొచ్చని తోచిందని స్టీవ్ జాబ్స్ 2010లో చెప్పాడు. ఐఫోన్ వచ్చింది 2007లో. కొసకు చేరిన వరస రబ్బరులా సాగి వెనక్కి రావడం అందులో ఆపిల్ డిజైనర్ బాస్ ఓర్డింగ్ పనితనం. ఆ సాగుడుకు తీసుకున్న పేటెంట్ మీద ఆపిల్, శాంసంగ్ కోర్టుకెక్కాయి కూడా.

నా పేచీ ఆ పనితనంతో కాదు, దాన్ని పరీక్షించే వేళ్లతో. పత్తి ఏరే వేలు వేరు. ఇప్పటి తెర మన నొక్కుడును చూడదు, వేలు ఆనినప్పుడు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగడుతుంది. ఎండి, కాయలు కాచి, పగుళ్లు పడ్డ వేలితో ఆ మార్పు తక్కువగా అందుతుంది. మధ్యలో ఒక్క తృటి తెగిందా, వేలు ఎత్తేశారనే అనుకుంటుంది ఫోన్. అంతదాకా వేలి వెంట కదులుతున్న జాబితా చేయి దాటి జారిపోతుంది. లేదంటే వేరొకరి వివరాలు తెరుచుకుంటాయి, ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో మామూలుగా 8 డీపీ, అంటే మిల్లీమీటరు పైచిలుకు కదలకపోతే అది తోపు కాదు, తాకుడు కింద లెక్క. 2025 సీజన్ నుంచి సీసీఐకి (భారత పత్తి సంస్థకు) మద్దతు ధరకు పత్తి అమ్మాలన్నా కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ పట్టాలి. పత్తి ఏరిన ఆ వేలే తెర మీదా పని చేయాలి.

జైనూర్‌లో ఒక జిరాక్స్ సెంటర్ పిల్లగాడు పెద్దమనిషికి చెప్తుంటే విన్నాను: "కాకా, తోస్తె ఉరుకుతది. వేలు ఆనిస్తె ఆగుతది. మల్ల జర మెల్లగ గుంజు." ఇంతకన్నా మంచి పాఠం నేను ఏ డిజైన్ పుస్తకంలోనూ చూడలేదు. నన్నడిగితే ఈ విద్యలో గొప్పదనమంతా ఆగడంలోనే ఉంది. ఉరికే వరస మీద వేలు పెడితే అది ఆగాలి, అంతే. ఆ వేలి కింద పడ్డ పేరు తెరుచుకోకూడదు. ఫోన్‌లో ముందే ఉన్న జారుడును వాడుకున్న యాప్‌లు ఈ మర్యాద పాటిస్తాయి. సొంత తెలివితో మళ్లీ రాసుకున్నవే తరచుగా తప్పుతాయి.

ఇంకొక సంగతి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. వరస కొసకు వచ్చి సాగిందంటే 'ఇక లేదు' అని అర్థం. లబ్ధిదారుల జాబితాలో పేరు వెతుక్కునేవాడికి అది తీర్పు. కానీ చాలా యాప్‌లు జాబితాను ముక్కలు ముక్కలుగా దించుతాయి. గుట్టల నడుమ సిగ్నల్ సన్నగిల్లినప్పుడు తర్వాతి ముక్క రాదు, వరస మాత్రం కొస వచ్చినట్టే సాగి వెనక్కి పోతుంది. పేరు ఉన్నవాడు కూడా లేదనుకుని లేచిపోతాడు. అయిపోయిందా, ఇంకా వస్తోందా అన్నది ఆ సాగుడు చెప్పలేదు. అడుగున తెలుగులో ఒక ముక్క రాస్తే చాలు: 'ఇంకా ఉన్నాయి, ఆగండి' అనో, 'జాబితా ఇంతే' అనో. ఆ ముక్క రాయడానికి ఏ పేటెంటూ అడ్డం రాదు.