అనుకృతి, అపహృతి: పాత వీడియో ఆటల పునర్నిర్మాణమున గ్రంథస్వామ్య సమస్య

ముంబయిలో ఫోరస్ రోడ్డునకు చేరువనున్న ‘పీలా హౌస్’ అను పేరు ‘ప్లే హౌస్’ అను ఆంగ్లపదమునకు జనుల నోట గలిగిన రూపాంతరము. పరుల వస్తువును తమకు తగినట్లు మలచుకొనుట లోకస్వభావమని చెప్పుటకు ఈ పేరొక్కటియే చాలును. కట్టడపు పనులకై తెలంగాణము నుండి వచ్చిన కామాఠీల పేర వెలసిన కామాఠిపురమునకు ఎలక్ట్రానిక్ వస్తువుల బజారగు లామింగ్టన్ రోడ్డు దూరము కాదు. 1990 తరువాత ‘మేరియో’, ‘కాంట్రా’ మున్నగు ఆటలు మన దేశమున పెక్కు యిండ్లకు చేరినది అనుమతి లేని నకలు యంత్రముల ద్వారానే. ఆ ఆటలతో పెరిగినవారు నేడు వానిని తామే తిరిగి నిర్మింపబూనినచో అది కళయా, చౌర్యమా అనునది విచార్యము.

భారత గ్రంథస్వామ్య చట్టము 1957 నాటిది. అందు కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్యకృతిగా పరిగణింపబడును. ఆటలోని బొమ్మలకు, సంగీతమునకు వేరువేరుగా స్వామ్యము గలదు. 52వ సెక్షను విమర్శకు, స్వంత వినియోగమునకు ఇచ్చిన సాధారణమైన సడలింపు నుండి ప్రోగ్రాములను మినహాయించినది. అయినను న్యాయముగా పొందిన ప్రతి నుండి లాభాపేక్ష లేక స్వంతమునకై అనుసరణము చేసికొనుటను అదే సెక్షను అనుమతించుచున్నది. కావున ఇంటిలో మార్చుకొనుట వేరు, పదిమందికి పంచుట వేరు. ఉచితముగా పంచినంత మాత్రమున దోషము తొలగదు.

ఇందుకు నిదర్శనములు కలవు. 1991 నాటి ‘మెట్రాయిడ్ 2’ను ఒక అభిమాని ఏండ్ల తరబడి శ్రమించి పునర్నిర్మించి 2016 ఆగస్టులో ఉచితముగా విడుదల చేయగా, కొలది దినములలోనే నింటెండో సంస్థ దానిని తొలగింపజేసినది. మరుసటి యేడు ఆ సంస్థయే అదే ఆటకు తన నూతన రూపమును వెలువరించినది. మరియొక వైపు సెగా సంస్థ అభిమానులనే పిలిచి 2017లో ‘సోనిక్ మేనియా’ను చేయించినది. ‘హాఫ్ లైఫ్’ అభిమానులు నిర్మించిన ‘బ్లాక్ మెసా’ను విక్రయించుటకు వాల్వ్ సంస్థ సమ్మతించినది. శ్రమ, భక్తి అందరియందును ఉన్నవే. భేదమెల్ల అనుమతియందే యున్నది.

వ్యాసభారతమును కవిత్రయము తెనుగు చేయలేదా యని పూర్వపక్షము. ఈ వాదము వినసొంపైనదే గాని నిలువదు. భారతకథ ఎల్లరి సొత్తు. కవిత్రయము మూలమును నకలు వ్రాయక తమ పద్యములను తాము రచించినది. శశిరేఖాపరిణయ కథను 1936లోను 1957లోను చలనచిత్రములుగా తీసిరి. కథ ఉమ్మడిదే, 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు ఉమ్మడివి కావు. 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదియు ఇదియే: భావమునకు స్వామ్యము లేదు, దాని అభివ్యక్తికే కలదు. ఆ వివాదము ఒక నాటకమును గూర్చి, 1956 నాటి ‘న్యూ ఢిల్లీ’ చిత్రమును గూర్చి పుట్టినది.

ఈ సూత్రము న్యాయస్థానమునకే గాక విమర్శకును ఒరపిడిరాయి. మూలపు బొమ్మలను, స్వరములను యథాతథముగ ఎత్తుకొన్న అనుకృతి ఎంత నునుపైనను లేఖకుని పనియే. దుముకుట, దాగుట, దారి వెదకుట వంటి క్రీడారీతిని గ్రహించి, బొమ్మను, పాటను, కథను తాను కల్పించుకొన్నది మాత్రమే కృతి. చట్టమునకు వెఱచి చేసిన మార్పు సైతము పలుమారు కళకు మేలే చేయును.

అట్లని సంస్థల పక్షమంతయు న్యాయమని తలపరాదు. అమ్మకమున లేని పాత ఆటలను తాము వెలువరింపక, ఇతరులను ముట్టనీయక యుంచినచో అవి తాళపత్రములవలె నశించును. రచయిత మరణానంతరము అరువది యేండ్ల స్వామ్యము యంత్రముల ఆయువుకంటె దీర్ఘమైనది. భద్రపరచుటకై గ్రంథాలయములకు మఱింత విశాలమైన అనుమతి నిచ్చుట శాసనకర్తల విధి.

ప్రోగ్రాములు నేర్చుకొనుచున్న తెలుగు బాలునకు పాత ఆటను విప్పి చూచుట మంచి చదువే. నేర్చినదానిని లోకమున పెట్టునాడు మాత్రము, మేరియోకు మారుగా తాతలు తాపీ పట్టి కట్టిన ఈ నగరమునే రంగస్థలముగా గైకొనిన, అతనిని ఆపు హక్కు ఎవ్వరికిని ఉండదు.