టెంక చెట్టు తండ్రి ఎవరు?

వేదాద్రి, జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో అంటు కట్టకుండా టెంక మొలిచి చెట్టయిన మామిడిని పుల్లమామిడి అనో, పీచుమామిడి అనో పిలిచి ఊరుకుంటారు తప్ప, దాని తల్లిదండ్రులెవరని ఎవరూ అడగరు. అంటుచెట్టు తల్లికొమ్మకు కొనసాగింపే కనుక దాని విషయంలో ఆ ప్రశ్నకే చోటు లేదు. మన దేశపు రకాలలో అధికభాగానికి టెంకలో ఒకే పిండం ఉండి, అది సాధారణంగా మరో చెట్టు పుప్పొడి సోకి పుట్టినదవుతుంది గనుక, చిన్నరసం టెంక పాతితే చిన్నరసం కాయదు.

ఆ వేరే చెట్టును పట్టుకునే సాధనం మైక్రోశాటిలైట్, అంటే డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాల తునక పదే పదే వచ్చే చోటు. ఆ ఆవృత్తుల సంఖ్య చెట్టుకు చెట్టుకు మారుతుంది, ప్రతి చోటా తల్లినుంచి ఒక సంఖ్య, తండ్రినుంచి ఒక సంఖ్య సంక్రమిస్తాయి. మొక్కలో 12, 17 ఉండి, తల్లి చిన్నరసంలో 12, 15 ఉన్నాయనుకుంటే, 17 తండ్రిది కావాలి. పొరుగు బెనిషాన్‌లో 14, 19 మాత్రమే ఉంటే దాన్ని పక్కన పెట్టవచ్చు. కాదని తేల్చడంలో ఈ పద్ధతికి ఉన్న ధీమా అవునని చెప్పడంలో ఉండదు. అసలు తండ్రిని ఏనాడో నరికి కట్టెలు చేసి ఉంటే, దాని దగ్గరి చుట్టం ఆ స్థానంలో నిలబడగలదు.

2006లో వెలువడిన ఒక అధ్యయనం ఇలాంటి 25 చోట్లను పోల్చి, ఫ్లోరిడా తొలి మామిడి రకాలు కేవలం నాలుగు భారతీయ రకాలు, టర్పెంటైన్ అనే ఒక నాటు మామిడి సంతతి అయి ఉండవచ్చని చెప్పింది. ఆ నాలుగింటిలో ఒకటైన శాండర్షా తోతాపురికి మరో పేరు; కృష్ణా జిల్లా రైతుకు అదే కలెక్టర్ కాయ. డీఎన్‌ఏ సాక్ష్యం మామిడికే పరిమితం కాదు. కజకిస్తాన్ అడవి ఆపిలే తోట ఆపిల్‌కు మూలమని 1929లో సోవియట్ వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ కంటితో చూసి ఊహించినదాన్ని కూడా 2010లో ఆపిల్ జన్యుపటం బలపరిచింది, అయితే ఐరోపా అడవి ఆపిల్ వాటా కూడా తక్కువేమీ కాదని తరువాతి పరిశోధన చేర్చింది.

మామిడితోటలో నమూనా తీయడంలోనే ఒక చిక్కుంది. బెనిషాన్ అంటుచెట్టులో ఆకును అంటుకు పైనుంచి కోస్తే బెనిషాన్ వంశం పలుకుతుంది. అంటుకు కింద, మొదలునుంచి లేచిన చిగురు కోస్తే, నర్సరీలో దొరికిన టెంకతో పెంచిన పేరులేని నాటుచెట్టు వంశం పలుకుతుంది. అందుకే ఆకు కోసే మనిషి ముందుగా చెట్టు మొదట్లో బెరడు తడిమి, అతుకు ఎక్కడుందో వెతుకుతాడు.