విధురుఁడును మన నవ్వును

వార్ధకమున భార్యను గోల్పోయిన పురుషునకు మన సాహిత్యము చూపిన త్రోవలు రెండే. ఒకటి కాళిదాసు వేసినది. రఘువంశములోని యజుఁడు వృద్ధుఁడు కాఁడు గాని, ఇందుమతి పోయిన పిదప కుమారునికొఱకు ఎనిమిదేండ్లు బ్రదికి, గంగాసరయూసంగమమున దేహము విడిచి, విధురులకు ఆదర్శమయ్యెను. రెండవది గురజాడవారిది. 1897లో అచ్చుపడిన కన్యాశుల్కములో ముదుసలి లుబ్ధావధానులు పసిపిల్లయగు సుబ్బికై బేరమాడి, తుదకు ఆఁడువేషము వేసిన పిల్లవానిని పెండ్లాడి నవ్వులపాలయ్యెను.

ఆ నవ్వు న్యాయమైనది. అదే యింట అవధానులుగారి కూఁతురు మీనాక్షి విధవయై యుండెను; తండ్రికి సులభమైన మాఱుమనువు కూఁతునకు నిషిద్ధము. గురజాడవారు ఆ యన్యాయమును జూచి నవ్విరి గాని ముదుసలి యొంటరితనమును జూచి కాదు. మనవారు నవ్వు మాత్రము నేర్చుకొని దాని గుఱి మఱచిరి.

మూఁడవ త్రోవ లేకపోలేదు. ఉత్తరరామచరితము మూఁడవ యంకమున భవభూతి, సీత లేదనుకొన్న రాముని పండ్రెండేండ్లకు మరల దండకకుఁ గొనివచ్చి, వనదేవతయగు వాసంతి యెదుట నేడిపించెను. ఆమె వినును, ఓదార్చును, నిష్ఠురము గూడ నాడును. శోకించువానికి మాఱుపలుకు వారొకరుండవలెనని యెఱిఁగిన కవి భవభూతి.

భద్రాచలము చేరువనున్న పర్ణశాలలో రాముని వియోగము తలఁచి కన్నీరు పెట్టువారే, తమ వీథిలో డెబ్బదేండ్ల విధురుఁడు తన యీడు స్త్రీని తోడు కోరినచో లుబ్ధావధానులని పేరు పెట్టుదురు. కోడలు సిగ్గుపడును, కుమారుఁడు పొలములోఁ దన పాలు లెక్కించుకొనును. ఆ భయము వట్టిది యని మేమనము. ఆస్తి సంగతి ముందే వ్రాఁతమూలకముగఁ దేల్చుకొన్నచో సగము కలహము తీఱును. మిగిలిన సగము నవ్వువలనఁ బుట్టినదే.

ఖమ్మము దాటి భద్రాచలము త్రోవను బోయినచో అడవిపల్లెలు వచ్చును. అందలి కోయవారిలో మగఁడు పోయిన స్త్రీయు, ఆలు పోయిన పురుషుఁడును మరల మనువాడుట ఆచారసమ్మతము. నాగరకులము మనమఁట! పట్టణమున నైనను 2010లో హైదరాబాదులో 'తోడు నీడ' యను సంస్థ యేర్పడిన పిదపనే పెద్దవయసు ఒంటరివారు నలుగురిలోఁ గూర్చుండి యీ మాట యెత్తఁగలిగిరి. అందుఁ గొందఱు వివాహమాడిరి. కొందఱు స్నేహముతోనే తృప్తిపడిరి.

లుబ్ధావధానులు సుబ్బిని విడిచి, తన యీడు విధవ నొకతెను ధైర్యముగ నడుగఁబోయి యుండినచో, గురజాడవారు ఆమెచే నేమి బదులు చెప్పించియుందురో!